ప్రతిధ్వని యంత్రమును తాళమునకు గూర్చుట



శ్రీరామనవమి పందిళ్ళలోను, ధనుర్మాసపు తెల్లవారుజాములందును, ఏకాదశి రాత్రులందును మన గ్రామములలో భజన జరుగునప్పుడు గాయకుని ముందొక మైకును, ప్రక్కన చిన్న బల్లమీద మీటలతో నిండిన మిక్సరు పెట్టెయు నుండుట మీరందఱు నెఱిగినదే. ఆ పెట్టెలోనే గాని, దాని ప్రక్కన విడిగా గాని మఱియొక యంత్ర ముండును. గొంతునకు గంభీరత తెచ్చునదియు, పాడిన మాటను మరల మరల పలికించునదియు నదియే. వ్యాపారులు దానిని ఎఫెక్టు ప్రాసెసరందురు. మన మైకుసెట్టు పిల్లలు ‘ఎకో’ యని యొక్క మాటతో సరిపెట్టుదురు. ఆ యంత్రములో ననేకములైన ప్రోగ్రాములుండును. వానిలో దేనిని ఎప్పు డెన్నుకొనవలెను, ఎన్నుకొన్నదానిని పాటయొక్క కాలమునకు నెట్లు కలుపవలెను అను విషయమును నేడు మీకు మనవి చేయుదును.

జీవితమంతయు వ్యాకరణమును, లెక్కలును చెప్పుకొన్న బడిపంతులునకు తీగెల విద్య యేల యని మీరడుగవచ్చును. దానికొక కారణము కలదు.

కొన్ని యేండ్ల క్రిందట మా యూరి రామాలయమున భజన జరుగుచుండెను. పాడువారు డెబ్బదియేండ్లు దాటిన వృద్ధులు. నలువదియేండ్లుగా మా యూరి భజనకు గురువు వారే. ఆనాడు ఆదితాళములో నొక కీర్తన నెత్తుకొనిరి. పల్లవి చక్కగానే నడిచెను. అనుపల్లవికి వచ్చుసరికి వారి కంఠము తడబడెను. మద్దెల వాయించువాడు వారి ముఖము చూచెను, వారు మద్దెలవంక చూచిరి. తాళములు చెదరినవి. ఆపి మొదలిడిరి, మరల చెదరెను. మూడవ పర్యాయమును నట్లే యైనది. పందిటిలో నెవరో “తాతగారికి వయసు మీదపడినది, లయ సడలినది” అనిరి. ఆ మాట గురువుగారి చెవిని బడెను. వారు చిడతలు క్రింద బెట్టి మాఱు పలుకక యింటికి వెడలిరి. మఱునాటి సాయంకాలము రాలేదు, ఆపై దినమునను రాలేదు. నలువదియేండ్ల పేరు పది నిమిషములలో పోయినది.

నాకు నమ్మకము కలుగలేదు. వారి యింటికి బోయి, అరుగుమీద కూర్చుండి, ఆ కీర్తననే పాడుమని వేడుకొంటిని. వారు తొడమీద తాళము వేయుచు పాడిరి. నేను చేతి గడియారము చూచుచు లెక్కించితిని. నిమిషమునకు 80 దెబ్బలు. మొదటి నిమిషమున 80, మూడవ నిమిషమునను 80. వెండ్రుకవాసి తేడా లేదు. తప్పు మనిషిలో లేదని తేలినది గదా! ఇక మిగిలినది యంత్రము. మైకుసెట్టు కుఱ్ఱవానిని పిలిచి ఆ పెట్టె తెఱపించితిని. అందలి చిన్న పలకపై ‘డిలే’ అను ప్రోగ్రాము పేరును, దాని ప్రక్కన 500 అను నంకెయు వెలుగుచుండెను. గురువుగారి పరువు ఆ 500 అను నంకెలో చిక్కుకొని యున్నది. అది యెట్లో తెలియుటకు ముందుగా ప్రతిధ్వని యన నేమో కొంచెము చెప్పవలెను.

ధ్వని గాలిలో సెకనునకు సుమారు 345 మీటర్లు పోవును. ఎదుట గోడయో కొండయో యున్న దానికి తగిలి వెనుకకు మఱలును. ఆ మఱలివచ్చిన ధ్వని సెకనులో పదవ వంతునకంటె ఆలస్యముగా వచ్చిన మన చెవి దానిని వేఱు మాటగా గుర్తించును. అనగా గోడ సుమారు 17 మీటర్లకు మించిన దూరమున నుండవలెను. అంతకంటె తొందరగా అనేక దిక్కులనుండి వచ్చి కలిసిపోయిన ధ్వని వేఱుగా వినబడదు, మొదటి ధ్వనికి మార్మ్రోతగా నిలుచును. విజాపురములోని గోల్ గుంబజు క్రింద చప్పట్లు చఱచిన నవి పలుమారులు తిరిగి వినబడును. అది ప్రతిధ్వని. ఱాతి మంటపములో నొక్క స్వరము పాడిన నది కొంతసేపు నిలిచి మెల్లగా నణగును. అది మార్మ్రోత. యంత్రములో మొదటిదానిని డిలే లేక ఎకో యనియు, రెండవదానిని రివర్బు అనియు వ్రాయుదురు. ఈ భేదమును మనసున నుంచుకొన్నచో సగము విద్య వచ్చినట్లే.

ఈ గుణములను కృత్రిమముగా కల్పించుటకు మనుష్యుడు పడిన పాట్లు వినదగినవి. 1947లో అమెరికాలోని చికాగో నగరమున బిల్ పుట్నమ్ అను నాతడు పాటను ముద్రించుటలో స్నానపుగదినే మార్మ్రోతశాలగా నుపయోగించెను. 1957లో జర్మనీవారు ఈ.ఎం.టి. 140 అను యంత్రమును చేసిరి. అందొక పెద్ద ఉక్కురేకు చట్రములో వ్రేలాడును. ధ్వనితో దానిని కదిలించి, ఆ కంపమునే మార్మ్రోతగా గ్రహింతురు. నేటికిని యంత్రములలో ‘ప్లేట్’ అను పేరుతో నుండు ప్రోగ్రాము ఆ రేకునకు అనుకరణమే. టేపు పద్ధతియు నొకటి కలదు. ఒకచోట ధ్వనిని టేపుమీద నెక్కించి, కొంచెము దూరమున దానిని మరల వినిపించిన, ఆ రెంటి నడుమ టేపు నడచిన కాలమంత ఆలస్యముగా ప్రతిధ్వని పుట్టును. జపానువారి రోలాండు సంస్థ 1974లో తెచ్చిన ఆర్.ఇ. 201 అనునది యీ జాతిలో పేరుపడినది. 1976లో వచ్చిన ఈ.ఎం.టి. 250 మార్మ్రోతను అంకెల గణితముచే కల్పించెను. నేటి యంత్రములు చాలవఱకు నా త్రోవనే నడచుచున్నవి. ధ్వనిని సెకనునకు, ఉదాహరణకు, 48,000 సారులు కొలిచి, ఆ కొలతలను జ్ఞాపకములో దాచి, కోరిన సమయమునకు తిరిగి వినిపించును. అర సెకను ఆలస్యము కావలెనన్న 24,000 కొలతలను నిలువయుంచును, అంతియే.

ఇక ప్రోగ్రాముల నెన్నుకొనుట. కొన్ని పెట్టెలలో 16, కొన్నింట 24, కొన్నింట నూటికి దగ్గఱగా నుండును. లెక్సికాను సంస్థవారి ఎం.పి.ఎక్స్. 100 అనుదానిలో 240 సిద్ధముగా నుండి, మనము దాచుకొనుటకు మఱి 16 తావులు గలవు. ఈ సంఖ్యను చూచి భయపడ బనిలేదు. నిఘంటువులో మాటలెన్ని యున్నను మన వాడుకకు కావలసినవి కొన్నియే గదా! హాల్ అనగా పెద్ద సభామందిరపు మార్మ్రోత. రూమ్ అనగా గదిలోనిది. ప్లేట్ అనగా నేను చెప్పిన రేకుది. డిలే, ఎకో యనగా వేఱువేఱుగా వినబడు ప్రతిధ్వనులు. కోరస్ అనునది యొక్క కంఠమును పెక్కు కంఠములవలె వినిపించును. ఫ్లాంజర్ మొదలగునవి సినిమా పాటలకు, గిటారులకు పనికివచ్చును గాని భజనకు వానితో పనిలేదు.

ఎన్నికకు మూడు ప్రశ్నలు చాలును. చోటెట్టిది? పలుకునది వచనమా, పాటయా? పాట యే కాలమున నడచుచున్నది?

ఱాతి మంటపమున పాడుచున్నచో మార్మ్రోత నక్కడి గోడలే యిచ్చును. దానిపై యంత్రమున హాల్ పెట్టుట పాయసములో బెల్లమువేసి, పైన తేనెయు చక్కెరయు పోసినట్లగును. అచట యంత్రము నాపివేయుటయే మేలు. బయలున, తాటాకు పందిటిలో, గొంతు పొడిగా వినబడును గాన, కొంచెము రూమ్ గాని ప్లేట్ గాని చేర్చవచ్చును. వచనము, ఉపన్యాసము, పురాణము, గ్రామసభలోని ప్రకటన, వీనికి ఏ ప్రోగ్రామును వలదు. హరికథలో దాసుగారు పాడునప్పుడు యంత్రమును తెఱచి, కథ చెప్పునప్పుడు మూయవలెను. దీనికై కాలితో నొక్కు మీటను తగిలించుకొను వీలు పెక్కు యంత్రములలో కలదు. మాట తెలియని కథకు మార్మ్రోత యెంత గంభీరముగా నున్న నేమి లాభము? వెనుకవరుసలోని ముసలమ్మకు సీత యెక్కడ నున్నదో తెలియవలెను గదా!

మూడవ ప్రశ్న కాలమునకు సంబంధించినది. మార్మ్రోత మూడు సెకనులు నిలుచునట్లు పెట్టి, నిమిషమునకు 80 దెబ్బల నడకలో పాడినచో, ఒక్కొక్క మాటయు నాలుగు దెబ్బలవఱకు మ్రోగుచుండును. ముందు మాట యణగక మునుపే మఱి మూడు మాటలు దానిపై బడును. కాబట్టి సాహిత్యము వడిగా నడచు పాటకు మార్మ్రోత ఒక సెకనునకు మించకుండుట మంచిది. విలంబమున సాగు ఆలాపనకు, పద్యమునకు కొంచెము హెచ్చు చెల్లును.

మఱియొక చిన్న విషయము. పెక్కు పెట్టెలలో మరను త్రిప్పినంతనే ప్రోగ్రాము మాఱదు. అంకె మిణుకుమిణుకుమనును, మరనే నొక్కినపుడు మాత్రమే స్థిరపడును. దీనిని తెలియనివాడు మార్చితి ననుకొని నిన్నటి ప్రోగ్రాముతోనే నేటి భజన నడపును. పాట నడుమ ప్రోగ్రామును మార్చినచో మ్రోగుచున్న ధ్వని తటాలున తెగును. కనుక పాటకు ముందే యెన్నుకొనవలెను.

ఇప్పుడు తాళమునకు గూర్చుట. డిలే ప్రోగ్రామున ప్రతిధ్వని యెంతసేపటికి వినబడవలెనో మిల్లీసెకనులలో చూపుదురు. సెకనులో వేయవ వంతు మిల్లీసెకను. నిమిషములో 60,000 మిల్లీసెకనులు గలవు. 60,000ను నిమిషమునకు పడు దెబ్బల సంఖ్యచే భాగించిన, దెబ్బకు దెబ్బకు నడిమి కాలము వచ్చును. 60 దెబ్బలకు 1,000. 80కి 750. 100కు 600. 120కి 500. అయిదవ తరగతి పిల్లవాడును చేయగల లెక్క యిది.

ప్రతిధ్వని సరిగా నొక దెబ్బ కాలమున వచ్చిన తాళముమీదనే పడును. దానిలో సగమున, అనగా 80కి 375న, వచ్చిన దెబ్బల నడుమ సరిగా పడును. చతురస్ర నడకలో దెబ్బకు నాలుగు మాత్రలు గదా! 750లో నాలుగవ వంతు 187న్నర. మూడు మాత్రలు 562న్నర. ఈ కాలములలో నేది పెట్టినను ప్రతిధ్వని యేదో యొక మాత్రపై బడి పాటలో నొదుగును. త్ర్యశ్ర నడకయైనచో మూడవ వంతు 250, మూడింట రెండు వంతులు 500 పనికివచ్చును.

ఇప్పుడు గురువుగారి సంగతి మీకే తెలిసిపోవును. వారి నడక 80, చతురస్రము. వారికి కావలసినది 750, లేక 375. యంత్రములో నున్నది 500. అది 750లో మూడింట రెండు వంతులు! అనగా వారు చతురస్రమున పాడుచుండ యంత్రము త్ర్యశ్రమున బదులు చెప్పుచుండెను. మొదటి ప్రతిధ్వని దెబ్బకు ముందు పడెను, రెండవది తరువాతి దెబ్బ దాటి నడుమ పడెను, మూడవది మాత్రము దెబ్బతో కలిసెను. గాయకునికి ఎదురుగా పెట్టిన స్పీకరులో ఆ ధ్వని పెద్దదిగా వచ్చుచుండెను. మద్దెలవాడు ప్రతిధ్వనిని నమ్ముకొనెను, గురువుగారు తమ లోపలి లయను నమ్ముకొనిరి. ఇద్దఱికి పొత్తు కుదురలేదు. ఆ 500 ఎక్కడిదన, ముందురోజు రాత్రి మఱియొక యూరిలో సినిమా పాటల బృందమువారు 120 దెబ్బల నడకకు పెట్టుకొన్నది. యంత్రము దానిని మఱువక తెచ్చి మా గురువుగారి నెత్తిన పెట్టెను.

“ఈ అంకెను మార్చుటకు లెక్కలు వేయవలెనా మాస్టారూ?” అని కుఱ్ఱవా డడిగెను. అక్కఱలేదు. ఆ పెట్టెమీదనే ‘టాప్’ అని వ్రాసిన మీట యుండెను. “దాని నెందుకు పెట్టినారో తెలియక నేనెన్నడు నొక్కలేదండి” అనెను. తట్టుటకే పెట్టినారు! పాట నడుచుచుండ తాళపు దెబ్బలతో పాటు ఆ మీటను నాలుగైదు మారులు తట్టినచో, తట్టుకు తట్టుకు నడుమ గడచిన కాలమును యంత్రమే కొలిచి, ప్రతిధ్వనిని దానికి సరిపెట్టుకొనును. ఒక దెబ్బయా, సగమా, మూడవ వంతా, ముప్పాతికయా యను విభాగమును గొన్ని యంత్రములలో వేఱుగా నెన్నుకొనవచ్చును. రివర్బు ప్రోగ్రాములలో చాల యంత్రముల యందు ఈ మీట పనిచేయదు. డిలే ప్రోగ్రాములకే దానితో పని.

వాద్యయంత్రములు తమలో తాము కాలమును చెప్పుకొను పద్ధతియు నొకటి కలదు. 1983లో వెలసిన మిడి అను ఏర్పాటు ప్రకారము కీబోర్డు దెబ్బ యొక్కింటికి 24 సంకేతములను తీగెద్వారా పంపును. ప్రాసెసరు దానిని విని తన కాలమును తానే దిద్దుకొనును. కీబోర్డులోని తాళమునకు పాట పాడువారికి నది యెంతయు ననుకూలము. కాని మన భజనలో కాలమునకు కర్త గాయకుడు, యంత్రము కాదు. గాయకుని గుండెకు, ప్రాసెసరునకు నడుమ తీగె లేదు. ఆ తీగె పని మీట తట్టువాని వేలు చేయవలెను.

ఇందు మూడు జాగ్రత్తలు చెప్పి ముగింతును.

మొదటిది, చాపుతాళముల విషయము. మిశ్రచాపులో ఏడు మాత్రలు మూడు, నాలుగుగా విడిపోవును. ఖండచాపులో అయిదు మాత్రలు రెండు, మూడుగా విడిపోవును. చేతి దెబ్బలు సమానదూరమున పడవు. ఆ దెబ్బలతోనే మీటను తట్టిన, యంత్రము మూడును నాలుగును చూచి దిగ్భ్రమ చెందును. కొన్ని కడపటి యెడమును గైకొనును, కొన్ని సరాసరి తీసి మూడున్నర యనును. రెండును తప్పే. కావున చాపుతాళములందు దెబ్బలను గాక, మాత్రలను సమముగా లెక్కించుచు తట్టవలెను.

రెండవది, కాలము పెరుగుట. భజనలో నామము మెల్లగా మొదలై, నడకపెంచి, కడకు రెండింతల వడిని ముగియును. యంత్రమునకు తట్టిననాటి కాలమే తెలియును గాని పెరిగిన కాలము తెలియదు. నడక 80 నుండి 84కు చేరినంతనే కావలసిన కాలము 750 నుండి 714కు దిగును. మొదటి ప్రతిధ్వనికి తేడా 36 మిల్లీసెకనులే, చెవి యోర్చుకొనును. రెండవదానికి 72, మూడవదానికి 108 అగును, అప్పుడు చిడతలకు ప్రతిధ్వనికి పోరు మొదలగును. అందుచే ప్రతిధ్వనులు ఒకటి రెండింటికి మించకుండ తగ్గించవలెను. నడక మాఱినప్పుడెల్ల మరల తట్టవలెను. వడి హెచ్చుటకు మొదలిడినచో డిలేను పూర్తిగా మూసి, కొద్దిపాటి ప్లేటుతో సరిపెట్టుకొనుట యుత్తమము.

మూడవది, దూరమున గట్టిన స్పీకర్లు. ఊరి చివర కొబ్బరిచెట్టుకు కట్టిన స్పీకరు 100 మీటర్ల దూరమున నున్నచో, దాని ధ్వని గాలిలో నడచి గుడివద్దకు చేరుటకే సుమారు 290 మిల్లీసెకనులు పట్టును. ఆ ప్రతిధ్వనిని ఏ మీటయు దిద్దజాలదు. ఆ స్పీకరు ముఖమును గుడివైపునుండి త్రిప్పుటయో, శబ్దమును తగ్గించుటయో చేయవలెను. యంత్రమున ప్రతిధ్వని లేకున్నను గాయకుడు తడబడుచున్న, మొదట చూడవలసినది ఆ చెట్టువైపే.

గ్రామ పెద్దలారా! ఉత్సవమునకు చందాలు వసూలుచేసి మైకుసెట్టు తెప్పించువారు మీరు. బేరమాడునప్పుడు స్పీకర్లెన్ని, దీపములెన్ని యని యడుగుదుము గాని, మీటవద్ద కూర్చుండువానికి తాళము తెలియునా యని యడుగము. ఇకమీద నడుగుడు. తెలియనిచో మీ భజనబృందములోని పిల్లవాని నొకనిని వానిప్రక్కన కూర్చుండబెట్టుడు. పాటకు ముందు ఒక నిమిషము గాయకునిచే పల్లవి పాడించి, దానికి తట్టించుడు. గాయకుని యెదుటి స్పీకరులో ప్రతిధ్వని లేకుండ గొంతు మాత్రమే వచ్చునట్లు ఏర్పాటు చేయుడు, మిక్సరులో నట్లు చేయవచ్చును. వినువారికి ప్రతిధ్వని యలంకారము, పాడువానికి అది యడ్డుపాటు.

మా గురువుగారివద్దకు బోయి ఆ 500 కథ చెప్పితిని. వారు చాలసేపు మాటాడలేదు. కడకు “అయితే నాది కాదన్నమాట” అనిరి. తరువాతి యేకాదశినాడు వారు వచ్చి కూర్చుండిరి. కుఱ్ఱవాడు వారి చేయి చూచి మీట తట్టెను. అదే కీర్తన పాడిరి. తాళము తప్పలేదు. కాని మొదటిరాత్రి వారిని నిందించిన వారిలో నెందఱు ఆ రాత్రి వచ్చి విన్నారో నేను చెప్పలేను. నింద మైకులో పోయినంత దూరము దిద్దుబాటు పోదు. అందుచేతనే యీ నాలుగు మాటలను రేడియోలో చెప్పవలెనని తలంచితిని.

యంత్రము మంచిదే, దాని యుపయోగము కలదు. అయితే అది గాయకుని వెంట నడువవలెను గాని గాయకుని దాని వెంట నడిపింపరాదు. ఎవరికైనను లయ తప్పినదని తీర్పుచెప్పుటకు ముందు, ఒక్కసారి పెట్టె తెఱచి ఆ యంకెను చూడుడు.